డిలీట్ కొడితే ఫోటో పోయినట్టేనా? తిరణాల ఫోటోల అపోహలు - వాస్తవాలు

ఉగాది దాటిందంటే కర్నూలులో మా స్టూడియోకు రెండు రకాల మనుషులు వస్తారు. పెళ్ళి ఆల్బం కోసం వచ్చేవాళ్ళు ఒక రకం. వాళ్ళు గట్టిగా మాట్లాడతారు, కూల్‌డ్రింక్ తాగుతారు, బేరం ఆడతారు. రెండో రకం వాళ్ళు కౌంటర్ పక్కన ఊరికే నిలబడతారు. జనం పలచబడ్డాక పిడికిలి విప్పి మెమరీ కార్డు చూపిస్తారు. "అన్నా, తిరణాల ఫోటోలన్నీ పోయినాయి. ఏమన్నా చేయొచ్చా?"

చాలాసార్లు చేయొచ్చు. అందుకే నేను ముందు అడిగేది ఒక్కటే. "పోయినాక ఈ కార్డులో మళ్ళీ ఏమన్నా తీసినావా?"

ఎక్కువమంది తల దించుకుంటారు. "ఎట్లాగూ పోయినాయి కదా అని..."

ఇరవై ఏళ్ళుగా ఈ మాట వింటూనే ఉన్నాను. జనానికి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది ఇదే కాబట్టి, మిగతా అపోహల సంగతి తర్వాత చూద్దాం.

అపోహ: డిలీట్ చేస్తే ఫోటో చెరిగిపోతుంది, ఇక ఆ కార్డును మామూలుగా వాడుకోవచ్చు.

వాస్తవం: మన ఊళ్ళ భాషలో చెప్తాను. డిలీట్ అంటే అడంగల్‌లో, అదే ఊరి భూముల, పంటల లెక్క పుస్తకంలో, పేరు కొట్టేయడం లాంటిది. చేను ఎక్కడికీ పోదు, అందులో పంట కూడా అలాగే నిలబడి ఉంటుంది. కాకపోతే కాగితం మీద అది ఖాళీ భూమి. ఎవరైనా వచ్చి దున్నుకోవచ్చు. దున్నితే మాత్రం పాత పంట పోయినట్టే. కార్డులోనూ అంతే. డిలీట్ కొడితే కెమెరా ఆ ఫోటో పేరును జాబితాలోంచి తీసేసి, ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుంది. అసలు ఫోటో అక్కడే ఉంటుంది. తర్వాత తీసిన ఫోటో వచ్చి ఆ చోట కూర్చున్నప్పుడే పాతది నిజంగా పోతుంది.

చాలా కెమెరాల్లో మామూలు ఫార్మాట్ కూడా ఇంతే, జాబితాను కొత్తగా రాసుకుంటుంది. కొన్ని కెమెరాల్లో 'లో లెవెల్ ఫార్మాట్' అని ఇంకో టిక్కు ఉంటుంది. అది నిజంగానే చేను మొత్తం దున్నేస్తుంది. తెలియకుండా దాన్ని ముట్టుకోవద్దు.

మా తిరుగుళ్ళ జట్టులో ఒక లెక్కల మాస్టారు, ఒక మొబైల్ షాపు ఆయన, నేను. మూఢం వచ్చి పెళ్ళిళ్ళు లేని రోజులైతే చాలు, ఏ ఊళ్ళో తేరు ఉంటే ఆ ఊరికి బండి తీస్తాం. కొన్నేళ్ళ కిందట ఉగాది మర్నాడు ఆస్పరి మండలం కైరుప్పలకు వెళ్ళాం. అక్కడి పిడకల సమరం గురించి మన జిల్లాలో వినని వాళ్ళుండరు. వీరభద్రస్వామికీ కాళికాదేవికీ మధ్య వచ్చిన ప్రేమ తగవని చెప్తారు. ఊరు రెండు పక్షాలై ఒకరి మీద ఒకరు పిడకలు విసురుకుంటారు. పిడక తగిలి పగిలితే పొడి లేస్తుంది. సాయంత్రం ఎండ ఆ పొడిలోంచి పడుతుంటే వీధి వీధంతా పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టు ఉంటుంది. దెబ్బలు తగిలినవాళ్ళు నవ్వుకుంటూ గుడికి పోయి విభూతి రాసుకుంటారు.

మాస్టారు ఒక మిద్దె ఎక్కి ఒళ్ళు మరిచి తీశాడు. తిరుగు దారిలో ఆస్పరి దాటాక మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఆగాం. బొరుగుల్లో ఉల్లిపాయలు కలిపే లోపల ఆయన కెమెరా తీసి, సరిగా రాని ఫోటో ఒకటి డిలీట్ చేయబోయి 'అన్నీ' నొక్కాడు. మాకు చెప్పలేదు. బజ్జీ ఒకటి కొరికి పక్కన పెట్టేశాడు. కారం ఎక్కువైందేమో అనుకున్నాం.

నల్లరేగడి చేలలో అప్పటికి పంట కోసేశారు. ఒంటరి వేపచెట్టు, దాని వెనక ఎర్రగా దిగుతున్న సూర్యుడు. ఎట్లాగూ పోయినాయి కదా అని మనసు తిప్పుకోడానికి మాస్టారు ఆ చెట్టును తీస్తూ నిలబడ్డాడు. అరవై చిల్లర ఫోటోలు. రాత్రి కర్నూలు వచ్చాక, బండి దిగేటప్పుడు మెల్లగా చెప్పాడు.

ఆ రాత్రే కార్డు కంప్యూటర్‌కు పెట్టాం. చాలావరకు వచ్చేశాయి. రానివి ఆ వేపచెట్టు కూర్చున్న చోట ఉన్నవి. వాటిలో ఒకటి ఇప్పటికీ ఆయన వర్ణిస్తుంటాడు. గడప మీద ఒక ముసలామె, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కళ్ళతో మాత్రం నవ్వుతూ ఉందట. నేను చూడలేదు. వేపచెట్టు ఫోటోలు అరవై మాత్రం భద్రంగా ఉన్నాయి, వాటిని ఎవరూ తెరిచిన పాపాన పోలేదు.

కాబట్టి ఫోటోలు పోయాయని తెలిసిన క్షణమే కెమెరా ఆపి కార్డు బయటికి తీయండి. ఎస్‌డీ కార్డు పక్కన చిన్న మీట ఉంటుంది, దాన్ని లాక్ వైపు జరపండి. ఇక దాని మీద ఏదీ రాయడం కుదరదు. తిరణాల ఇంకా ఉందంటే వేరే కార్డు వేసుకోండి, లేదంటే ఫోన్‌తో తీసుకోండి. ఇంటికొచ్చాక ఫోటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాం చాలు. ఫైళ్ళ పేర్లు మారిపోయి వస్తాయి, కంగారు పడకండి, బొమ్మ ముఖ్యం. వెలికి తీసిన ఫోటోలను అదే కార్డులోకి మాత్రం సేవ్ చేయకూడదు, కంప్యూటర్‌లోకే తీసుకోవాలి. ఈ తప్పు చేసినవాళ్ళను చూశాను, పంట కోస్తూ కోస్తూ అదే చేను దున్నినట్టు. వీడియోలు ఫోటోలంత తేలిగ్గా రావు. పెద్ద ఫైలు ముక్కలు ముక్కలుగా వేరు వేరు చోట్ల ఉండొచ్చు, ఆ ముక్కలు అతికించడం కష్టం.

దీనికి తమ్ముడిలాంటిది ఇంకోటి. కార్డు పెట్టగానే కంప్యూటర్ 'దీన్ని వాడాలంటే ఫార్మాట్ చేయాలి' అని అడుగుతుంది. చూసినవాళ్ళకు గుండె జారిపోతుంది, కార్డు చచ్చిపోయిందనుకుని సరే అని నొక్కేస్తారు. నొక్కొద్దు. చాలాసార్లు దెబ్బ తిన్నది జాబితా మాత్రమే. ఫోటో రాస్తుండగా కార్డు లాగేసినా, ఆ సమయంలోనే బ్యాటరీ అయిపోయినా ఇలా జరుగుతుంది. కార్డును బియ్యంలో పెట్టడం, రబ్బరుతో రుద్దడం, ఫ్రిజ్‌లో పెట్టడం ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళకో దండం.

ఇక ఫోన్ దగ్గరికి వస్తే నేను చెప్పిన అడంగల్ కథ పనిచేయదు. అక్కడ లెక్క వేరు. ఇప్పటి ఫోన్లలో లోపలి మెమరీ తాళం వేసి ఉంటుంది, డిలీట్ అయిన చోటును ఫోన్ తానే శుభ్రం చేసుకుంటుంది. ట్రాష్ లోంచి కూడా పోయిందంటే దాదాపు పోయినట్టే. 'పోయిన ఫోటోలన్నీ తెచ్చిస్తాం' అనే యాప్‌లు చూపించేవి ఎక్కువగా అక్కడక్కడ మిగిలిన చిన్న నకళ్ళు. డబ్బు అడుగుతాయి, మీ గ్యాలరీ మొత్తానికి తాళంచెవి కూడా అడుగుతాయి. రెండూ ఇవ్వకండి. ముందు ట్రాష్ చూడండి. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులు, కానివి 30 రోజులు అందులో ఉంటాయి. ఐఫోన్‌లో 30 రోజులు.

ఒకామె గుర్తొస్తుంది. తండ్రితో కలిసి ఊరి తిరణాలకు వెళ్ళింది, ఆయన ఆ నెలలోనే పోయాడు. తేరు ముందు ఆయన తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డ ఫోటో ఒక్కటే చివరిది. ఫోన్ నిండిపోయిందని ఒక రిపేరు షాపులో ఇస్తే, వాళ్ళు అడగకుండా మొత్తం చెరిపేసి చేతిలో పెట్టారు. అప్పటికి నాలుగు చోట్ల తిరిగింది, ఒకచోట డబ్బు కూడా కట్టింది. నా దగ్గరికి వచ్చేసరికి ఏడుపు కూడా అయిపోయింది, మొహంలో ఏమీ లేదు. ఫోన్ చేతిలోకి తీసుకోకుండానే అడిగాను, "ఆ ఫోటో అప్పుడు ఎవరికన్నా పంపినావా అమ్మా?" కాసేపు ఆలోచించి, బెంగళూరులో ఉన్న తమ్ముడికి పంపానంది. అక్కడే నిలబడి ఫోన్ చేసింది. రెండు నిమిషాల్లో ఫోటో వచ్చింది.

నాలుగు చోట్ల ఒక్కరూ ఆ ప్రశ్న అడగలేదు. దీనికి మెషిన్ అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఫోటో పోయిందని తెలిస్తే టెన్షన్ పడే ముందు ఎవరెవరికి పంపామో గుర్తు తెచ్చుకోండి. పెళ్ళి గ్రూపు, ఊరి గ్రూపు, అత్తగారి ఫోన్, అన్నీ వెతకండి.

ఆమె ఆ ఫోటోను గోడకు సరిపోయేంత పెద్దది చేయమంది. ఇక్కడ ఇంకో అపోహ, వాట్సాప్‌లో పంపితే ఫోటో ఉన్నదున్నట్టు వెళ్తుందని. వెళ్ళదు. మామూలుగా పంపితే పెద్ద వైపు సుమారు 1600 పిక్సెళ్ళకు కుదించేస్తుంది. మంచి ప్రింటుకు అంగుళానికి 300 లెక్కన చూస్తే అది అయిదు అంగుళాల పైచిలుకు మాత్రమే. ఆ లెక్కకు కొంచెం మించినా సర్దుకుని ఆమెకు 5 బై 7 చేసి ఇచ్చాను, ఫ్రేములో చుట్టూ వెడల్పుగా తెల్ల అట్ట పెట్టి. గోడ మీద పెద్దగానే కనిపిస్తుంది. మీరు మాత్రం పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, అసలుది అసలులాగే చేరుతుంది.

ఇంకొకటి చెప్పి ముందుకు పోతాను, ఇది చదువుకున్నవాళ్ళనే ఎక్కువ ముంచుతుంది. 'గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయింది కదా' అని అదే యాప్‌లో కూర్చుని వరసగా డిలీట్ చేస్తారు, ఫోన్‌లో చోటు కోసం. అక్కడ డిలీట్ చేస్తే ఫోన్‌లోనూ గూగుల్ బ్యాకప్‌లోనూ రెండు చోట్లా పోతుంది. చోటు కావాలంటే అందులోనే 'ఫ్రీ అప్ స్పేస్' ఉంది, అది నొక్కాలి.

మిగతావి గబగబా.

సూర్యుడు ఎప్పుడూ ఫోటో తీసేవాడి వెనకే ఉండాలన్నది రీలు కెమెరాల నాటి మాట. తేరు కదిలేటప్పుడు ఎండకు ఎదురుగా నిలబడి చూడండి, చల్లిన కుంకుమ, రేగిన దుమ్ము, కొబ్బరికాయ నీళ్ళు అన్నీ వెలుగుతాయి. మిట్టమధ్యాహ్నం జూమ్ లెన్స్‌ను నేరుగా సూర్యుడి మీద పెట్టడం మాత్రం వద్దు, కంటికీ కెమెరాకీ మంచిది కాదు.

రాత్రిపూట ఫ్లాష్ వేస్తే అంతా పడుతుందా? పడదు. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతే మిగులుతుంది. రాములవారి కల్యాణం చాలా చోట్ల పగలు చేస్తారు, ఒంటిమిట్టలో మాత్రం చైత్ర పున్నమి సమయంలో, రాత్రిపూట. అక్కడ జనంలో వెనక నిలబడి ఫోన్ ఫ్లాష్ కొట్టేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. వాళ్ళ ఫోటోలో పడేది ముందు వరసలో వాళ్ళ నెత్తులు. ఫ్లాష్ ఆపి, మోచేతులు ఒంటికి ఆనించి, వేదిక మీది దీపాల వెలుగుతోనే తీయండి.

ఎండకు ఫోన్ ఆగిపోతే చెడిపోయినట్టు కాదు. ఐఫోన్ తయారుచేసేవాళ్ళే 35 డిగ్రీల లోపు వేడిలో వాడుకోమంటారు. మన దగ్గర ఏప్రిల్‌లోనే 40 దాటుతుంది, పాపం అదేం చేస్తుంది. కేసు తీసి నీడలో పెట్టండి. ఐసుపెట్టెలో పెడితే లోపల తేమ పడుతుంది.

కదిరి తేరుకు వెళ్ళేవాళ్ళు బ్యాగు జిప్పు వేసుకోండి. రథం మీదికి విసిరే మిరియాలు, దవనం బ్యాగులో దొరకడం నాకు అలవాటైపోయింది. ఆ మిరియాలు మా ఇంట్లో చారులోకి వాడతారు.

చివరిది, నాకు బాగా కోపం తెప్పించేది: "ఎండాకాలం మన సీమలో ఏముంటుంది సార్ తీయడానికి?" ఫాల్గుణంలో ఆకు లేకుండా మండే మోదుగ పూలుంటాయి. వేపపూత, చింతచిగురు, రోడ్ల పక్కన ఎర్రటి తురాయి చెట్లు ఉంటాయి. అన్నిటికీ మించి, వేసవిలో తప్ప కనిపించని గుడి ఒకటుంది. శ్రీశైలం జలాశయంలో నీళ్ళు తగ్గితే బయటపడే సంగమేశ్వరం. ఏడాదిలో చాలా నెలలు నీళ్ళలోనే ఉంటుంది. లోపల శివలింగం వేపచెక్కది. ఏటా ఎండలు ముదిరాక ఆత్మకూరు మీదుగా వెళ్తాం. బురద ఎండి పలకలు పలకలుగా పగిలిన నేల మీద నడిచి, నీళ్ళు కోసిన రాతి గోడల పక్కన కూర్చుంటే ఫోటో తీయాలని కూడా అనిపించదు కాసేపు.

పోయిన వేసవిలో ముగ్గురం తెల్లవారుజామునే అక్కడికి చేరాం. దారిలో మొబైల్ షాపు ఆయన సీసాలో తెచ్చిన నన్నారి తాగేశాం. సూర్యుడు నీళ్ళ మీదుగా లేచి వెలుగు రాతి స్తంభాల మధ్యకు వచ్చింది. మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని కెమెరా పట్టాడు. నొక్కితే పడదు. మళ్ళీ నొక్కాడు. తెర మీద 'కార్డు లాక్ అయి ఉంది' అని వస్తోంది. కైరుప్పల తర్వాత ఆయన ఏ కార్డు బయటికి తీసినా వెంటనే లాక్ చేసి పెట్టుకుంటాడు. ఆ పొద్దున దాన్ని వెనక్కి జరపడం మరిచాడు. మీట చిన్నది, గోరుతో జరపాలి, మాస్టారు ముందురోజే గోళ్ళు కత్తిరించుకున్నాడు. నేను జరిపి ఇచ్చేసరికి వెలుగు స్తంభాలు దాటిపోయింది.