ఇరుకైన పిత్తనాళంలో దారి వెతికే తీగ: గైడ్‌వైర్ల నేపథ్యం

కాలేయంలో తయారైన పిత్తరసాన్ని పేగులోకి తెచ్చే పిత్తనాళం ఇరుకైతే కళ్లు పచ్చబడతాయి, ఒళ్లంతా దురద పెడుతుంది, ఇన్‌ఫెక్షన్ చేరితే చలిజ్వరం కూడా తోడవుతుంది. ఎండోస్కోపీతో స్టెంట్, అంటే నాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం, వేస్తే పిత్తరసం మళ్లీ పేగులోకి దిగుతుంది. కానీ స్టెంట్ కంటే ముందు గైడ్‌వైర్ అనే సన్నటి తీగ ఒకటి ఆ ఇరుకును దాటాలి. అది దాటకపోతే స్టెంట్ వెళ్లే దారే లేదు. ఏ గైడ్‌వైర్ మెరుగన్న చర్చ అందుకే ఇంతగా నడుస్తోంది.

ఈ తీగ వచ్చింది రక్తనాళాల వైద్యం నుంచి. 1953లో స్వీడన్ రేడియాలజిస్టు సెల్డింగర్, సూదిలోంచి రక్తనాళంలోకి తీగ పంపి, దాని మీదుగా కాథెటర్ (సన్నటి గొట్టం) ఎక్కించే పద్ధతిని ప్రచురించారు. 1968లో అమెరికాలో మెక్యూన్ బృందం ఎండోస్కోప్‌తో చూస్తూ పిత్త, క్లోమ నాళాలు పేగులో కలిసేచోట ట్యూబు పెట్టగలిగింది. 1974లో జర్మనీలో క్లాసెన్, డెమ్లింగ్, జపాన్‌లో కవాయ్ ఆ ముఖద్వారాన్ని లోపలి నుంచే కోసి వెడల్పు చేశారు. 1980 ప్రాంతంలో హాంబర్గ్‌లో సోహెంద్ర ప్లాస్టిక్ స్టెంట్ వేశారు. నాళాల ఎక్స్‌రే ఫొటో తీయడానికే పనికొచ్చిన ఈ ఎండోస్కోప్ పద్ధతి (ఈఆర్‌సీపీ) అలా చికిత్స అయింది, తీగ మీద భారం పెరిగింది.

పాత తీగలు స్టీలువి. లోపల గట్టి కడ్డీ, చుట్టూ స్ప్రింగు, పైన టెఫ్లాన్ పూత. స్టెంట్‌ను మోయగలిగేవి గానీ ఒకసారి మడత పడితే ఆ మడత పోయేది కాదు. మెలికలు తిరిగిన ఇరుకులో ముందుకు కదిలేవీ కావు. మొండిగా నెడితే నాళం గోడ చిల్లుపడే ప్రమాదం.

దీనికి విరుగుడు నిటినాల్. నికెల్, టైటానియం కలిసిన ఈ లోహాన్ని అమెరికా నేవీ ప్రయోగశాల 1960 ప్రాంతంలో కనిపెట్టింది. ఎంత వంచినా మళ్లీ తిన్నగా వస్తుంది. దాని మీద నీళ్లు తగిలితే జారే పూత వేసి జపాన్ కంపెనీ టెరుమో తెచ్చిన తీగ చాలా ఇరుకులను దాటింది. దీనికీ ఓ ఇబ్బంది ఉంది. పూత ఆరిందంటే పట్టేస్తుంది కాబట్టి అసిస్టెంట్ తడిపిన పల్చటి గుడ్డతో తుడుస్తూనే ఉండాలి. తడిగా ఉంటేనేమో చేతిలోంచి జారిపోతుంది. కాథెటర్ మార్చేటప్పుడు డాక్టరు వెనక్కి లాగుతుంటే అసిస్టెంట్ అంతే వేగంతో తీగను ముందుకు తోయాలి. లెక్క తప్పితే కష్టపడి దాటిన తీగ మొత్తం బయటికొచ్చేస్తుంది. ఆ గదిలో అసలు టెన్షన్ అప్పుడే.

అందుకే హైబ్రిడ్ తీగలు వచ్చాయి. మొన మెత్తగా, జారుడుగా ఉంటుంది, మిగతా ఒళ్లు గట్టిగా ఉంటుంది. కోతకు వాడే కరెంటు తీగలోకి పాకకుండా పైన పూత ఉంటుంది. పక్కకు కదిలితే తెలిసేలా చారలూ వేశారు. పొడవు నాలుగున్నర మీటర్లు దాకా ఉంటుంది. తీగ కదలకుండా దాని మీదున్న కాథెటర్ మొత్తం తీయాలంటే అంత పొడవు కావాలి మరి. తర్వాత తీగను స్కోప్ దగ్గరే బిగించే ఏర్పాట్లు రావడంతో పొట్టి తీగలూ చెలామణిలోకి వచ్చాయి.

ఇక మందం సంగతి. మామూలుగా వాడేది 0.035 అంగుళాలు, అంటే 0.89 మిల్లీమీటర్లు. సన్నది 0.025. ఈ రెంటినీ పోల్చిన పరిశోధనల్లో నాళంలోకి ప్రవేశించడంలో గానీ, తర్వాత వచ్చే ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు)లో గానీ పెద్ద తేడా కనబడలేదు. ఎక్స్‌రేలో నాళం కనబడేలా డై ఎక్కించడానికి బదులు తీగతోనే నాళంలోకి దారి చేసుకుంటే ప్యాంక్రియాటైటిస్ తగ్గుతుందని మాత్రం పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2012 నాటి సమీక్ష తేల్చింది.

నాకు అసంతృప్తి ఇక్కడే. ఈ పోలికల్లో ఎక్కువ భాగం నాళం ముఖద్వారం దగ్గరే ఆగిపోతాయి. కాలేయం కుడి, ఎడమ నాళాలు కలిసేచోట గడ్డ అడ్డంపడిన రోగికి కావలసిన జవాబు వేరు. అక్కడ జారుడు తీగతో దాటి, దాని మీదుగా కాథెటర్ పంపి, ఆపై గట్టి తీగకు మార్చి స్టెంట్ ఎక్కిస్తారు. ఒక్క కేసుకు రెండు తీగలు, బిల్లులో రెండు లైన్లు.

హైదరాబాద్‌లో జీర్ణకోశ వైద్య నిపుణుడు డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి నెలకొల్పిన ఏఐజీ ఆసుపత్రి వల్ల ఈ నైపుణ్యం మన ముంగిట్లోనే ఉంది. ఆయనకు 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. అయినా కామెర్లనగానే ఆకు పసరు తాగుతూ వారాలు గడిపేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఇరుకు వల్ల వచ్చిన కామెర్లు పసరు మందుతో తగ్గవు. మూత్రం ముదురు పసుపులో, మలం తెల్లగా వస్తుంటే ఆగకుండా స్కాన్ చేయించుకోండి.