గ్రాఫిక్స్ కార్డు మారిస్తే సరిపోతుందా? పాత గేమింగ్ పీసీ అప్‌గ్రేడ్‌పై అపోహలు - వాస్తవాలు

"అన్నా, ఈ బడ్జెట్‌లో మంచి కార్డు ఒకటి చెప్పు." నాకొచ్చే మెసేజ్‌ల్లో ఎక్కువ ఇవే. ప్రాసెసర్ ఏంటి తమ్ముడూ అంటే "ఐ5" అంటారు. ఏ ఐ5? 2011లో వచ్చిన ఐ5 2500 కూడా ఐ5యే కదా! ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే డబ్బా) ఎన్ని వాట్లు, ఏ గేమ్‌లో ఇబ్బంది అని అడిగేసరికి అవతలి మనిషికి విసుగొచ్చేస్తుంది, ఒక్క పేరు చెప్పడానికి ఇన్ని ప్రశ్నలేంటని.

అపోహ: కార్డు మారిస్తే ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) దానంతటదే పెరుగుతుంది

జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. అందుకే మిగతావన్నీ కలిపినా దీనికే ఎక్కువ చోటిస్తున్నాను.

ప్రతి ఫ్రేమ్‌కీ, అంటే తెర మీద మారే ప్రతి బొమ్మకీ, ఇద్దరు పనివాళ్లుంటారు. ఎవరు ఎక్కడున్నారు, తూటా ఎవరికి తగిలింది, తర్వాత ఏం గీయాలి, ఈ లెక్కలు ప్రాసెసర్‌వి. ఆ లెక్క చూసి బొమ్మ గీసేది కార్డు. ప్రాసెసర్ సెకనుకి 50 ఫ్రేముల లెక్కే తేల్చగలిగితే, ఎంత పెద్ద కార్డు పెట్టినా 50 దాటదు.

ఆ మధ్య ఒక కుర్రాడు క్యాబినెట్ చంకన పెట్టుకుని వచ్చాడు. ఐ5 4460, నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు). ఏడాదిగా దాచుకున్న డబ్బంతా పోసి కొత్త కార్డు కొన్నాడు. జనం కిక్కిరిసిన సిటీ వీధుల్లో తిరిగే గేమ్ అది. పాత కార్డుతో 45 దగ్గర ఊగేది, కొత్త కార్డుతోనూ అక్కడే ఊగుతోంది. "కార్డు డిఫెక్టా సార్?" అంటుంటే గొంతు వణుకుతోంది పాపం. గేమ్ నడుస్తుండగానే టాస్క్ మేనేజర్ తెరిచి చూపించాను. ప్రాసెసర్ గీత 100 దగ్గర పైకప్పుకి అతుక్కుపోయింది. కార్డు గీత 40 దగ్గర తీరిగ్గా పడుకుంది. కార్డు భేషుగ్గా ఉంది, దానికి పని అందించేవాడే లేడు.

అతన్ని తప్పుపట్టలేను. కార్డుల రివ్యూల్లో కనిపించే అంకెలు అప్పటికి దొరికే అత్యంత వేగమైన ప్రాసెసర్‌తో తీసినవి. కార్డు సత్తా తేలాలంటే అలాగే తీయాలి కూడా. ఆ సంగతి తెలియనివాళ్లు అదే అంకె మన ఇంట్లోనూ వస్తుందనుకుంటారు.

కొనేముందు పది నిమిషాలు వెచ్చించండి. ఇబ్బంది పెట్టే గేమ్‌లో, సరిగ్గా ఇబ్బంది పెట్టే చోటికే వెళ్లి నిలబడండి. వీసింక్ (ఫ్రేముల్ని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్), ఎఫ్‌పీఎస్ లిమిట్ రెండూ తీసేసి ఎంత వస్తోందో రాసుకోండి. ఇప్పుడు రిజల్యూషన్‌ని 1080పీ నుంచి 720పీకి దించండి. ఎఫ్‌పీఎస్ ఎగబాకితే అడ్డుపడుతున్నది కార్డే, నిక్షేపంగా కొత్తది కొనుక్కోండి. అంకె కదల్లేదంటే అడ్డు ప్రాసెసర్‌ దగ్గరో ర్యామ్‌ దగ్గరో ఉంది. ప్రాసెసర్ వాడకం 50 శాతమే కదా అని మోసపోకండి. ఎనిమిది థ్రెడ్లలో ముఖ్యమైనది ఒక్కటి నిండిపోయినా గేమ్ ఆగుతుంది, సగటులో ఆ సంగతి బయటపడదు.

"23 శాతం బాటిల్‌నెక్ చూపిస్తోంది, ఏం చేయాలి?" అని, పార్టుల పేర్లిస్తే బాటిల్‌నెక్ (అడ్డు) ఎంతో చెప్పే సైట్ల స్క్రీన్‌షాట్లు పంపి నిద్ర పాడుచేసుకునేవాళ్లకి ఒక మాట. ఒకే మెషిన్‌లో ఒక గేమ్‌కి కార్డు అడ్డమైతే ఇంకో గేమ్‌కి ప్రాసెసర్ అడ్డమవుతుంది. పార్టుల పేర్లు చూసి ఒక శాతం తేల్చడం చిలక జోస్యం. పట్టించుకోకండి.

అడ్డు ప్రాసెసర్ అని తేలితే మదర్‌బోర్డు మొత్తం మార్చాలని కంగారు పడనక్కర్లేదు. ఏఎండీ వాళ్ల ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) బోర్డు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. 2017లో మొదటి రైజెన్‌తో వచ్చిన బీ350 బోర్డుల్లో చాలావాటికి 2022లో రైజెన్ 5000 సిరీస్‌కి సరిపడే బయోస్ (బోర్డులోనే ఉండి పీసీని లేపే సాఫ్ట్‌వేర్) వచ్చింది. మీ బోర్డు సపోర్ట్ లిస్టులో చిప్ పేరుందో లేదో చూడండి, పాత చిప్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయండి. పాతది ముందే అమ్మేసి, కొత్తది వేస్తే తెర నల్లగా ఉందని వచ్చేవాళ్లు తక్కువేం కాదు. ఇంటెల్‌లో సాకెట్ పేరు చూసి బోల్తా పడతారు. 6, 7 జనరేషన్లదీ 1151 సాకెట్టే, 8, 9 జనరేషన్లదీ అదే పేరు, కానీ వాటి బోర్డులు వేరు. మన కుర్రాడికి సెకండ్‌హ్యాండ్ ఐ7 4790 వేశాం. అదే బోర్డు, అదే ర్యామ్, థ్రెడ్లు మాత్రం ఎనిమిదయ్యాయి. అద్భుతాలేం జరగలేదు గానీ, వీధి మలుపు తిరిగినప్పుడల్లా వచ్చే కుదుపు పోయింది.

అపోహ: ఎస్‌ఎంపీఎస్ నడుస్తోందిగా, దాని మీద ఖర్చెందుకు?

నా సొరుగులో ఒక కనెక్టర్ దాచాను, ఈ మాట అన్నవాళ్లకి చూపించడానికే. పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగి, చల్లారాక గోధుమరంగు బుడగలా గట్టిపడింది. హార్డ్‌డిస్క్‌కి పెట్టే శాటా పవర్ కేబుల్ నుంచి 6 పిన్ కన్వర్టర్ పెట్టి కార్డు నడిపిన ఫలితమది. 6 పిన్ కనెక్టర్ 75 వాట్లకు, 8 పిన్ 150 వాట్లకు. శాటా పవర్ కనెక్టర్‌లో 12 ఓల్టుల మీద వచ్చేది 54 వాట్లే. ఎస్‌ఎంపీఎస్‌కి కార్డు అడిగే కేబుల్ పుట్టుకతోనే లేదంటే, ఆ కార్డు దానికి వద్దని అర్థం. బడ్జెట్ లేకపోతే జీటీఎక్స్ 1650 రకాల్లో పవర్ కేబుల్ అక్కర్లేనివి ఉన్నాయి, బోర్డు మీది స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే నడుస్తాయి.

80 ప్లస్ ముద్ర కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో చెబుతుంది. లోపలి రక్షణ సర్క్యూట్లు ఎలాంటివో దాన్ని బట్టి తెలియదు. ఇంకొకటి, ఒక ఎస్‌ఎంపీఎస్ మాడ్యులర్ (ఊడదీసి పెట్టుకునే) కేబుళ్లు ఇంకోదానికి పెట్టకండి. పార్టు వైపు చివర ఒకేలా ఉంటుంది, ఎస్‌ఎంపీఎస్ వైపు ఏ పిన్నులో ఏ ఓల్టేజీ అన్నది మోడల్ని బట్టి మారిపోతుంది. ఇది నేను చదివి నేర్చుకోలేదు. తొందరలో చేతికందిన కేబుల్ పెట్టి నా హార్డ్‌డిస్క్ నేనే కాల్చుకున్నాను. పదేళ్ల ఫొటోలు అందులో. మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.

అపోహ: ర్యామ్ ఎంత ఎక్కువైతే అంత వేగం

సరిపడా ఉన్నాక పెంచితే ఒరిగేదేం లేదు. ఎన్ని జీబీలన్నదాంతో పాటు ఎలా పెట్టారన్నదీ చూడండి. ఒకే 16 జీబీ స్టిక్‌ కంటే రెండు 8 జీబీ స్టిక్‌లు మేలు, ప్రాసెసర్‌కి డేటా వెళ్లే రెండు దారులు (చానెళ్లు) తెరుచుకుంటాయి. డీడీఆర్4 3200 స్టిక్ ఒక్కటే ఉంటే సెకనుకి 25.6 జీబీలు, రెండుంటే 51.2. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయకపోతే ఆ 3200 స్టిక్ 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తూ కూర్చుంటుంది. ఇది పైసా ఖర్చు లేని అప్‌గ్రేడ్.

అపోహ: ఎస్‌ఎస్‌డీతో ఎఫ్‌పీఎస్ పెరుగుతుంది

పెరగదు. లోడింగ్ తగ్గుతుంది, కొత్త ఏరియాలోకి వెళ్లినప్పుడు వచ్చే తడబాటు తగ్గుతుంది. గేమ్ ఇంకా హార్డ్‌డిస్క్ మీదే ఉంటే ఆ రెండింటి కోసమైనా తీసుకోండి, శాటాదైనా చాలు.

అపోహ: కొత్త కార్డు పాత స్లాట్‌లో పనిచేయదు

చేస్తుంది. పీసీఐఈ (కార్డు గుచ్చే స్లాట్ రకం) 4.0 కార్డు 3.0 స్లాట్‌లో దర్జాగా నడుస్తుంది. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటివి వేరు. దానికి ఉన్నవే నాలుగు లేన్లు (డేటా దారులు), 3.0 బోర్డులో బాగా నష్టపోతుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులైతే బోర్డులో రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్‌కి ఒకేసారి అందుబాటులో ఉంచే సదుపాయం) లేనిదే తీసుకోకండి.

అపోహ: క్రిప్టో మైనింగ్ చేసిన కార్డు అంటే చచ్చిన కార్డే

ఫ్యాన్లు అరిగి ఉంటాయి, థర్మల్ ప్యాడ్లు (వేడి లాగే మెత్తలు) ఎండి ఉంటాయి, రెండూ మార్చుకోవచ్చు. గంటసేపు గేమ్ నడిపి చూడనివ్వకపోతే మాత్రం కొనొద్దు. జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి చూడండి. పాత చిప్‌కి కొత్త పేరు అంటించిన కార్డుల్ని అది చాలావరకు పట్టేస్తుంది.

అపోహ: ఉన్నట్టుండి స్లో అయిందంటే కార్డు పోయినట్టే

ఇలా నమ్మి ఒకాయన కొత్త కార్డుకి డబ్బు పట్టుకుని వచ్చాడు. టేబుల్ జరిపిన రోజు నుంచి గేమ్ నత్తలా నడుస్తోందట. మీరు ఇంట్లో ఎలా పెడతారో అలాగే కేబుళ్లు పెట్టండి అన్నాను. మానిటర్ కేబుల్ తీసుకెళ్లి నేరుగా మదర్‌బోర్డు పోర్టులో గుచ్చాడు. ఇన్నాళ్లూ ప్రాసెసర్‌లో ఉన్న చిన్న గ్రాఫిక్స్‌తో ఆడుతున్నాడన్నమాట. కేబుల్ తీసి రెండంగుళాల కింద కార్డు పోర్టులో పెట్టాను. ఆయన కాసేపు తెర వంక, కాసేపు నా వంక చూసి, "ఈ సంగతి మా తమ్ముడికి చెప్పకండి. నీ వల్లే కార్డు పోయిందని వాడితో నెల్రోజులుగా మాట్లాడట్లేదు" అన్నాడు.