కాటిసీను పద్యం: అపోహలు - వాస్తవాలు

‘సత్య హరిశ్చంద్ర’ నాటకంలో హరిశ్చంద్ర వేషం కట్టే నటుణ్ణి నేను. ఆయన కాటికాపరిగా శ్మశానంలో నిలబడి పద్యాలు పాడే ఘట్టమే కాటిసీను. పద్యం వల్ల బతుక్కి ఒరిగేదేమిటని అడిగేవాళ్లు తరచూ తగులుతుంటారు. వాళ్ల మాటలు, నా జవాబులు ఇవి.

అపోహ: కాటిసీను పద్యాలన్నీ బలిజేపల్లి లక్ష్మీకాంతం గారివే.

వాస్తవం: నాటకం ఆయనది. ‘ఇచ్చోటనే’ అని ఎత్తుకునే సీసపద్యం మాత్రం కవి గుర్రం జాషువా గారి ‘శ్మశానవాటి’ అనే ఖండికలోది, అంటే కొన్ని పద్యాల చిన్న కావ్యంలోది. నటులు తెచ్చి కలుపుకున్నారు, జనం మళ్లీ వదల్లేదు.

అపోహ: అందరం ఎప్పుడో పోవాల్సినవాళ్లమేనని చెప్పడమే ఆ పద్యం పని.

వాస్తవం: ఆ ముక్క పాడె మోసే ప్రతివాడికీ తెలుసు, దానికి పద్యమెందుకు? జాషువా గారు ఆ సీసంలో ఆ మాట అననే అనరు. కవి కలం నిప్పుల్లో కరిగిపోయిందంటారు. రాజు అధికార ముద్రిక అంతరించిందంటారు. లేత ఇల్లాలి నల్లపూసల సొగసు గంగలో కలిసిందంటారు, చిత్రకారుడి కుంచె నశించిందంటారు. సీసంలో నాలుగు పాదాలు, పాదానికో వస్తువు. (రాజు కంటే ముందు కవిని నిలబెట్టారు, గమనించారా?) మనింట్లో మనిషి పోయినా అంతే గదా: కళ్లజోడు, చెప్పులు, సగం వాడిన మందుల షీటు. చావు అన్న మాటకు రాని ఏడుపు వాటిని చూస్తే వస్తుంది. తెలిసి కూడా పక్కకు నెట్టేసిన సంగతిని పద్యం మన చేతిలో పెడుతుంది.

అపోహ: జనం రాగం కోసమే వస్తారు, అర్థం ఎవరికీ పట్టదు.

వాస్తవం: సగం నిజం. ఆలాపనకు ‘వన్స్ మోర్’ పడుతుంది, దానికోసమే సాగదీసేవాళ్లూ ఉన్నారు. నామటుకు నేను నల్లపూసల పాదం దగ్గర రాగం విరుపులు తగ్గిస్తాను, హార్మోనియం ఆయన్ని శ్రుతి మాత్రం పట్టమంటాను. అక్కడ ఈల పడలేదంటే మాట చేరినట్టే లెక్క.

అపోహ: అదంతా శ్మశాన వైరాగ్యం. స్నానం చేసి ఇంట్లో అడుగుపెడితే పోతుంది.

వాస్తవం: వైరాగ్యమే అయితే పోయేదే. కానీ అదే ఖండికలో, ఇక్కడ అస్పృశ్యత సంచరించడానికి తావే లేదని ఇంకో పద్యం ఉంది. అంటరానితనం ఒంటిమీద పడ్డ కవి రాసిన పద్యమది. కాటిలో లేదన్నారంటే ఊళ్లో ఉందనేగా! చితి పక్కన నిలబడి బతికున్నవాళ్లను నిలదీస్తున్నారాయన. అన్నట్టు, చాలా ఊళ్లలో శ్మశానాలు కూడా కులానికొకటి. అలాంటి ఊళ్లో ఆ పద్యం ఎత్తుకుంటే ముందు వరసలో కొందరు ఇబ్బందిగా కదులుతారు. టైం లేదు, సీను కుదించమని నిర్వాహకులు చీటీ పంపితే ఆలాపనలు కోసేస్తాను, ఇంకో రెండు పద్యాలైనా వదిలేస్తాను గానీ, ఆ పద్యం జోలికి పోను.