గుడ్డుసొనతో ఆకాశం వేయడం

గుడ్డు పచ్చసొనతో రంగులు కలిపి బొమ్మ వేసే ఎగ్ టెంపెరాలో గడ్డి వేయడం తేలిక, ఆకాశమే కష్టం. కుంచె తీసిన కొద్ది సెకన్లకే రంగు ఆరిపోతుంది. ఆయిల్ రంగుల్లా తడి మీద తడి రుద్ది నునుపు చేయడం కుదరదు, ఏ గీత ఆ గీతే. 1948లో అమెరికన్ చిత్రకారుడు ఆండ్రూ వయెత్ వేసిన ‘క్రిస్టీనాస్ వరల్డ్’లో ఎండుగడ్డి మైదానానికి ఆ జీవం వచ్చింది ఇలాంటి సన్నని గీతల వల్లే.

ముందు సొన సంగతి. తెల్లసొన తీసేసి, పచ్చసొనను పొడి కాగితం మీద మెల్లగా దొర్లించాలి. పైపొరను రెండు వేళ్లతో పట్టి ఎత్తి, సూదితో గుచ్చి, లోపలిది గిన్నెలోకి జార్చాలి. పొర మాత్రం పారేయాలి, కలిస్తే రంగులో తునకలు తేలతాయి. సొనకు కాస్త నీళ్లు కలిపి, నీళ్లతో నూరిన రంగు ముద్దతో సుమారు సమపాళ్లలో కలపాలి. సొనలోని లెసిథిన్ నూనెనూ నీటినీ కలిపి ఉంచుతుంది. నీరు ఆవిరయ్యాక ప్రొటీన్, నూనె నెలల తరబడి గట్టిపడుతూ ఉంటాయి.

పాళ్లు కుదిరాయో లేదో గాజు ముక్క మీద తెలుస్తుంది. ఒక పట్టీ పూసి, ఆరాక బ్లేడుతో గీకండి. తొక్కలా చుట్టుకుని లేస్తే సరిపోయినట్టు. పొడిగా రాలితే సొన చాలలేదు, జిడ్డుగా మెరిస్తే ఎక్కువైంది.

సొన నిల్వ ఉండాలని కొందరు వెనిగర్ చుక్కలు వేస్తారు. అల్ట్రామెరీన్ నీలానికి ఆమ్లం పడదు, రంగు వెలిసిపోతుంది. ఆకాశం వేసే రోజు తాజా గుడ్డే మేలు.

పలక చెక్కదే కావాలి. జంతు జిగురు, సుద్దపొడి కలిపిన జెస్సోను పొరలు పొరలుగా పూసి, నున్నగా రుద్దాలి. వంగే కాన్వాసు మీద టెంపెరా పగులుతుంది.

ఇక ఆకాశం. క్షితిజం వైపు చూసేటప్పుడు కాంతి ఎక్కువ దూరం గాలిలో పయనిస్తుంది, పదేపదే చెదిరి రంగులన్నీ కలిసి అక్కడ తెల్లబారుతుంది. అందుకే ఐదారు గిన్నెల్లో ముదురు నుంచి లేత దాకా రంగు మెట్లు ముందే కలిపి పెట్టుకోవాలి: పైన అల్ట్రామెరీన్ ఎక్కువ, కిందికి వచ్చేకొద్దీ టైటానియం తెలుపు, చివరి గిన్నెలో చిటికెడు ఎల్లో ఓకర్ (పసుపు మట్టిరంగు). మధ్యలో కలుపుకుందామంటే అదే రంగు మళ్లీ రాదు.

కుంచెను గుడ్డకు అద్ది, దాదాపు పొడిగా చేసి, అడ్డంగా, ఆపైన ఏటవాలుగా పల్చని గీతలు వేయాలి. రెండు రంగు మెట్ల పట్టీలు కలిసేచోట ఒకదాని గీతలు మరొకదానిలోకి చొచ్చుకుపోవాలి. పది పొరలు దాటాక గానీ గీతలు మాయమై కాంతి కనపడదు. తొందరపడి తడి కుంచెతో వేసినచోటే మళ్లీ రుద్దితే కింది పొర లేచిపోయి జెస్సో బయటపడుతుంది. అప్పుడు అక్కడితో ఆపేయాలి. మర్నాడు ఆ మచ్చను చిన్న చిన్న గీతలతో పూడ్చుకోవచ్చు.