మన ఎమ్మెల్యే ఎటు ఓటేశారు? పర్యావరణ, ప్రజారోగ్య చట్టాలపై కొన్ని అపోహలు - వాస్తవాలు

అమెరికాలో స్థిరపడిన మిత్రులు అక్కడి ఎన్నికల వేళ నాకు మార్కుల జాబితాలు పంపుతుంటారు. కాలిఫోర్నియా శాసనసభలో ఫలానా సభ్యుడు గాలి, నీరు, పురుగుమందుల బిల్లుల్లో ఎన్నింటిని బలపరిచాడో, ఎన్నింటికి ముఖం చాటేశాడో అక్కడి పర్యావరణ సంఘాలు పేరుపేరునా లెక్కగట్టి నూటికి ఇన్ని అని మార్కులు వేస్తాయి. మన ఎమ్మెల్యేలకు కూడా ఇలాంటిదొకటి తయారుచేయరాదా అని ఆ మిత్రుల ప్రశ్న. బిల్లులు చదివి సభ్యులకు నోట్సు రాసివ్వడం నా వృత్తి కాబట్టి ఆ ప్రశ్న నన్నే అడుగుతారు. నిజానికి అడిగేవారి మనసులో ఉన్న శాసనసభ వేరు, హైదరాబాద్‌లోనో అమరావతిలోనో నడిచే శాసనసభ వేరు.

అపోహ: ఎవరు ఎటు ఓటేశారో రికార్డుల్లో ఉంటుంది, ఓపికగా వెతికితే దొరుకుతుంది.

వాస్తవం: దొరకదు. మన సభల్లో బిల్లులు దాదాపు అన్నీ మూజువాణి ఓటుతోనే గట్టెక్కుతాయి. స్పీకర్ ప్రశ్నను సభ ముందుంచుతారు, అనుకూలురు అవునంటారు, వ్యతిరేకులు కాదంటారు, బిల్లు నెగ్గిందని స్పీకర్ ప్రకటిస్తారు. ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో, ఎవరు పక్కవారితో ముచ్చట్లలో ఉన్నారో నివేదికలో కనిపించదు. బిల్లు ఆమోదం పొందినదన్న వాక్యం ఒక్కటే మిగులుతుంది. ఏ సభ్యుడైనా డివిజన్ కోరితే ఓట్లు లెక్కించాల్సిందే. కానీ ఫలితం ముందే తెలిసినచోట ఆ శ్రమ ఎవరు తీసుకుంటారు? 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ హుక్కా కేంద్రాలను నిషేధిస్తూ పొగాకు ఉత్పత్తుల చట్టానికి సవరణ బిల్లును చర్చ లేకుండానే ఆమోదించింది. బిల్లు మంచిదే. దాన్ని బలపరిచింది ఎవరంటే మాత్రం సభ అని చెప్పాలి తప్ప, ఒక్క సభ్యుడి పేరు పక్కనా మార్కు వేయలేం.

అపోహ: మనస్సాక్షి ఉన్న ఎమ్మెల్యే తన పార్టీ తెచ్చిన చెడ్డ బిల్లును వ్యతిరేకించవచ్చు కదా!

వాస్తవం: వ్యతిరేకించవచ్చు, పదవి మీద ఆశ వదులుకుంటే. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూల్ వచ్చింది. పార్టీ విప్‌కు, అంటే ఎటు ఓటేయాలో చెప్పే పార్టీ ఆదేశానికి, భిన్నంగా ఓటేసినా, ఓటింగ్‌కు దూరంగా ఉన్నా అనర్హత వేటు పడవచ్చు. పార్టీ 15 రోజుల్లోగా క్షమిస్తే గండం తప్పుతుంది. ఈ ఆంక్షను విశ్వాస పరీక్షలకు, పార్టీ మౌలిక విధానాలకు సంబంధించిన ఓటింగ్‌కు పరిమితం చేస్తే మంచిదని 1992లో కిహోటో హొలోహన్ కేసులో సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. పార్టీలు ఆ మాటను చెవిన పెట్టిన దాఖలాలు పెద్దగా లేవు. చెరువుల బిల్లుకో ఆసుపత్రుల బిల్లుకో ప్రత్యేకంగా విప్ జారీ చేయాల్సిన అవసరం కూడా రాదు. వచ్చే ఎన్నికల్లో టికెట్ ఎవరి చేతిలో ఉందో ప్రతి సభ్యుడికీ తెలుసు.

అపోహ: వాకౌట్ చేశారంటే బిల్లును అడ్డుకున్నట్టే.

వాస్తవం: ఈ అపోహ చదువుకున్నవారిలోనే ఎక్కువ. రాజ్యాంగంలోని 189వ అధికరణం ప్రకారం సభలో హాజరై ఓటేసినవారిలో మెజారిటీ చాలు. బయటికి వెళ్లినవారు లెక్కలోకే రారు. అంటే నినాదాలు చేసి వెళ్లిపోయిన ప్రతిపక్షం ప్రభుత్వం పని సులువు చేసి వెళ్లినట్టే. సభ నడవడానికి కావలసిన కోరం పదో వంతు, లేదా పది మంది, వీటిలో ఏది ఎక్కువైతే అది. 175 మంది ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో 18 మంది, 119 మంది ఉన్న తెలంగాణలో 12 మంది ఉంటే సరిపోతుంది.

కాలిఫోర్నియాలో లెక్క తిరగబడుతుంది. అక్కడ మామూలు బిల్లుకైనా మొత్తం సభ్యుల్లో సగానికి మించి కావాలి. 80 మంది ఉన్న దిగువ సభలో 41, 40 మంది ఉన్న సెనేట్‌లో 21 ఓట్లు పడాలి. కాబట్టి మీట నొక్కకుండా కూర్చున్న సభ్యుడు ఆచరణలో బిల్లుకు వ్యతిరేకంగా ఓటేసినట్టే. చమురు కంపెనీలకూ కోపం రాకుండా, ఓటర్లకూ కోపం రాకుండా తప్పుకునే ఈ ఉపాయాన్ని అక్కడి సంఘాలు కనిపెట్టి, గైర్హాజరుకు కూడా మార్కులు కోస్తుంటాయి. ఆ జాబితా పద్ధతిని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకుంటే అర్థం లేని అంకెలు వస్తాయి.

అపోహ: కాలుష్యంపై చట్టాలు మన శాసనసభే చేస్తుంది.

వాస్తవం: ప్రజారోగ్యం, నీరు రాష్ట్ర జాబితాలోని అంశాలు. అడవులు 1976లో 42వ సవరణతో ఉమ్మడి జాబితాకు వెళ్లాయి. ఇంతవరకు పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. ఆచరణలో మనం రోజూ వినే కాలుష్య చట్టాలు ఢిల్లీ నుంచి వచ్చినవి. భోపాల్ దుర్ఘటన తర్వాత 1986లో వచ్చిన పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని, అంతకుముందు 1981 నాటి వాయు కాలుష్య చట్టాన్ని అంతర్జాతీయ ఒప్పందాల అమలు కోసం ఉన్న 253వ అధికరణం కింద పార్లమెంటు చేసింది. రాష్ట్రాలను అడగాల్సిన పని లేకపోయింది.

జల కాలుష్య చట్టం కథ వేరు. నీరు రాష్ట్రాల అంశం కాబట్టి 1974లో 252వ అధికరణం దారి పట్టారు. కొన్ని రాష్ట్రాల సభలు పార్లమెంటును చట్టం చేయమని తీర్మానిస్తే, ఆ చట్టం ముందు ఆ రాష్ట్రాలకే వర్తిస్తుంది. మిగిలినవి ఇష్టమైతే తర్వాత తీర్మానం చేసి చేరవచ్చు. తొలి జాబితాలోని 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తర్వాత చేరింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒకసారి ఇలా చేరిన రాష్ట్రం ఆ చట్టాన్ని తనంతట తాను సవరించలేదు, ఆ అధికారం పార్లమెంటుదే. ఆ తీర్మానానికి చేయెత్తిన ఎమ్మెల్యే కాలుష్య నియంత్రణకు ఓటేశారు, అదే ఓటుతో తమ సభ అధికారాన్నీ వదులుకున్నారు.

ఈ దారి పాతబడలేదు. 2024లో పార్లమెంటు జల కాలుష్య చట్టాన్ని సవరించి, పలు ఉల్లంఘనలకు జైలు శిక్ష తీసేసి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానాలు పెట్టింది. అది మొదట వర్తించింది హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకే. మిగతా చోట్ల సభ తీర్మానం కావాలి. ఆరోగ్యంలోనూ ఇదే తంతు. అవయవ మార్పిడిపై కేంద్ర చట్టం 1994లో వచ్చి, 2011లో సవరణకు గురైంది. ఉమ్మడి రాష్ట్రం 1995లో సొంత చట్టం చేసుకుంది. తెలంగాణ శాసనసభ కేంద్ర చట్టాన్ని స్వీకరిస్తూ తీర్మానం చేసింది 2025 మార్చిలో. మన రాష్ట్రాల్లో ఆరోగ్యం మీద జరిగే అసలైన ఓటింగ్ చాలాసార్లు ఇలాంటి రెండు పేరాల తీర్మానంలో దాక్కుని ఉంటుంది, పత్రికల్లో లోపలి పేజీకి వెళ్తుంది.

అపోహ: సభ తీర్మానం చేసిందంటే ఇక తిరుగు లేదు.

వాస్తవం: తీర్మానం చట్టం కాదు. 2019 సెప్టెంబరులో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దంటూ తెలంగాణ శాసనసభ తీర్మానించింది, మంత్రి కె.టి.రామారావు దాన్ని ప్రవేశపెట్టారు. అణు ఖనిజాలు కేంద్రం పరిధిలోవి, అటవీ అనుమతి తుది మాటా కేంద్రానిదే. అయినా ఆ తీర్మానాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో తవ్వకాలకు రాష్ట్రం ఒప్పుకోవడం లేదని రాతపూర్వకంగా తేలింది. రాజకీయంగా దాని బరువు దానికుంది.

కొల్లేరు సంగతి అంతకంటే ఆసక్తికరం. ఐదో కాంటూరు (సరస్సు హద్దును ఎత్తు ప్రకారం చూపే గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశాక స్థానికుల ఒత్తిడి పెరిగింది. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. అభయారణ్యం కొనసాగుతూనే ఉంది, ఐదో కాంటూరు దగ్గరే. కారణం వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 26ఎ సెక్షన్. 2002 సవరణకు ముందు అభయారణ్యం హద్దులు మార్చాలంటే రాష్ట్ర శాసనసభ తీర్మానమే కావాలి. సవరణ తర్వాత ఆ స్థానంలో జాతీయ వన్యప్రాణి మండలి సిఫార్సు వచ్చి చేరింది. కొన్నేళ్ల ముందైతే హద్దులు మార్చడానికి చట్టం కోరేది సరిగ్గా ఇలాంటి తీర్మానాన్నే. 2008 నాటికి అది విన్నపంగా మారిపోయింది. కొంగలకూ పెలికాన్లకూ ఆ సవరణ చేసిన మేలు ఇంతా అంతా కాదు. చెరువులు పోగొట్టుకున్న కుటుంబాలు ఆ మాటకు ఒప్పుకోవనుకోండి.

అపోహ: పెద్ద నిర్ణయాలన్నీ ఓటింగ్‌కు వస్తాయి.

వాస్తవం: ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు విధించింది 1996 నాటి జీవో 111. వాటిని ఎత్తివేసింది 2022 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 69. రెండూ ప్రభుత్వ ఉత్తర్వులే. హైదరాబాద్ తాగునీటికి సంబంధించిన ఈ రెండు నిర్ణయాల్లో ఒక్కదానికీ ఎమ్మెల్యే ఓటు అవసరం పడలేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కూడా చట్టం కాదు. ఉత్తర్వులతో, ట్రస్టుతో నడిచింది. సభ దానిపై ఓటేసేది బడ్జెట్‌లో వైద్యారోగ్య శాఖ పద్దు వచ్చినప్పుడే. పక్కన రాజస్థాన్‌ను పెట్టి చూడండి. అక్కడ 2023లో వైద్యుల సమ్మెల మధ్య ఆరోగ్య హక్కు చట్టాన్నే చేశారు. గుట్కా నిషేధమూ మన దగ్గర ఆహార భద్రత కమిషనర్ ఏడాదికోసారి ఇచ్చే ఉత్తర్వే, గడువు తీరితే మళ్లీ ఇవ్వాలి.

హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలను తొలగించే సంస్థ హైడ్రా విషయంలో వరస చూడండి. 2024 జులైలో జీవోతో పుట్టింది, కూల్చివేతలు మొదలయ్యాయి, అక్టోబరులో ఆర్డినెన్స్‌తో జీహెచ్‌ఎంసీ చట్టంలో దానికి అధికారం కల్పించారు, బిల్లు ఆ తర్వాతే సభకు వచ్చింది. ఓటు వేసే వేళకు బుల్డోజర్లు నెలల ముందే పని మొదలుపెట్టేశాయి.

అపోహ: శాసన మండలి అడ్డుకుంటుంది.

వాస్తవం: గరిష్ఠంగా నాలుగు నెలలు ఆలస్యం చేయగలదు. అంతే.

అపోహ: బిల్లు నెగ్గితే పని అయిపోయినట్టే.

వాస్తవం: ప్రైవేటు ఆసుపత్రుల నమోదు, నియంత్రణకు ఉమ్మడి రాష్ట్రం 2002లో చట్టం చేసింది. నిబంధనలు వచ్చింది 2007లో. చట్టంలో ఉండేది చాలావరకు అధికారం ఎవరిదన్న సంగతే. ఏ ఆసుపత్రిలో ఏమేం ఉండాలి, ఎవరు తనిఖీ చేయాలి అన్నవి నిబంధనల్లో తేలతాయి. వాటిని రాసేది సచివాలయం.

అపోహ: అలాగైతే ఎమ్మెల్యేకు మార్కులు వేసే మార్గమే లేదు.

వాస్తవం: ఉంది, బిల్లుల మీద ఓటింగ్‌లో కాదు. నేను జాబితా తయారుచేస్తే మొదటి గడి ప్రశ్నలది. కాలుష్య నియంత్రణ మండలిలో ఖాళీలు ఎన్ని, ఫలానా పారిశ్రామికవాడ భూగర్భజలాల పరీక్ష ఫలితాలేమిటి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వైద్యులెంతమంది అని అడిగిన సభ్యుడి పేరు నివేదికలో అచ్చవుతుంది, మంత్రి జవాబూ అచ్చవుతుంది. ఆ జవాబులో ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారో లేదో చూడడానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. రెండోది పద్దులపై కోత తీర్మానాలు, అంటే శాఖకు అడిగిన సొమ్ము తగ్గించాలంటూ సభ్యులు ఇచ్చేవి. చాలా పద్దులు చర్చకు నోచుకోకుండానే గిలటిన్ కింద, అంటే సమయం ముగిశాక అన్నీ ఒకేసారి ఓటుకు పెట్టడంతో, వెళ్లిపోతాయి, అయినా నోటీసు ఇచ్చిన సభ్యుడి పేరు మిగులుతుంది. మూడోది సభ బయటిది. పరిశ్రమలకు పర్యావరణ అనుమతుల కోసం 2006 నోటిఫికేషన్ ప్రకారం జరిగే ప్రజాభిప్రాయ సేకరణలో మీ ఎమ్మెల్యే వేదిక మీద ఏం మాట్లాడారో నమోదవుతుంది. ఆ మినిట్స్ అడిగి తీసుకోండి. సభలో మౌనంగా ఉన్నవారు అక్కడ కంపెనీ తరఫున ఎంత ధారాళంగా మాట్లాడతారో చదివితే మీకే తెలుస్తుంది.

ఇంకో గడి ఉంది, అది ఎప్పుడూ ఖాళీగానే కనిపిస్తుంది. చట్టం కింద చేసిన నిబంధనలను సభ ముందుంచాలని చాలా చట్టాల్లో రాసి ఉంటుంది. గడువులోగా ఏ సభ్యుడైనా మార్పు కోరవచ్చు, రద్దు చేయమనీ అడగవచ్చు. దానికి పార్టీ అనుమతి కావాలని ఏ నియమంలోనూ లేదు. ఆ నోటీసు మీద సంతకం చేసినవారి పేరు మాత్రం ఉంటుంది.