చిట్టా, ఆవర్జా, బుజ్జి ప్రోగ్రాము

పాలకొల్లు

చిరంజీవులు బుజ్జికి, చిన్నోడికి తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు బుజ్జి ల్యాప్‌టాప్‌లో ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ప్రోగ్రాము మొదలుపెట్టి, వాకిట్లో ముగ్గేసి వచ్చినా అది తిరుగుతూనే ఉంది. ధాన్యం కాటా చీటీల లెక్క: ఏ రైతు బస్తా సగటున ఎంత తూగిందని. "ల్యాప్‌టాప్ పాతది తాతయ్యా" అన్నావు. పండగపూట ఎందుకని ఊరుకున్నాను. తప్పు దానిది కాదమ్మా.

మా నాన్నగారు రైసు మిల్లులో గుమస్తా. పగలు వచ్చిన పద్దులన్నీ వచ్చిన వరసలోనే చిట్టాకెక్కేవి. రాత్రి భోంచేసి లాంతరు ముందు కూర్చుని, చిట్టాని పైనుంచి కిందికి ఒక్కసారే చదువుతూ ఒక్కో పద్దునీ ఆవర్జాలో ఆ రైతు పేజీకి ఎక్కించేవారు. నీ ప్రోగ్రాము అలా చెయ్యట్లేదు. ఒక రైతు పేరు పట్టుకుని చిట్టా అంతా వెతుకుతోంది, రెండో రైతుకి మళ్లీ మొదటి పేజీకి వస్తోంది. 6 లక్షల చీటీలు, 40 వేల మంది రైతులు అనుకో. 2,400 కోట్ల పోలికలు! నాన్నగారైతే ఆ గుమస్తాని మర్నాడే మాన్పించేవారు.

పైగా ఒక్కో రైతు లెక్క తేలగానే ఆర్‌బైండ్ అనే ఆదేశంతో కింద అతికించావు. అతికించినప్పుడల్లా ఆర్ పాత కాగితమంతా కొత్త కాగితం మీదికి ఎత్తి రాస్తుంది. అలా 40 వేల సార్లంటే దాదాపు 80 కోట్ల వరసల ఎత్తిరాత.

ఆర్‌లో డేటా.టేబుల్ అనే ప్యాకేజీ ఉంది, మ్యాట్ డౌల్ మొదలుపెట్టాడు, 2006 నుంచీ దొరుకుతోంది. అది పేర్లని రెండేసి చొప్పున పోల్చి చూడదు. పోస్టాఫీసులో పిన్‌కోడు ఒక్కో అంకె చూసి ఉత్తరాలు గళ్లలో వేసినట్టు వేస్తుంది. దీన్ని రాడిక్స్ పద్ధతి అంటారు. 2016లో వచ్చిన 3.3.0 వెర్షన్‌తో ఆర్ కూడా ఈ పద్ధతిని తనలో కలుపుకుంది.

అసలు కిటుకు ఇంకోటుంది. ఒక్కో రైతుకీ సగటు తీసే మీన్ ఫంక్షన్ని పిలవాలంటే 40 వేల పిలుపులు. కూడికకి పట్టే టైము కంటే పిలుపులకే ఎక్కువ పడుతుంది. ఏ గుంపుకి ఆ గుంపు లెక్కించమని చెప్పే బైతో కలిపి ఉత్తి మీన్ గానీ, మొత్తం కూడే సమ్ గానీ రాస్తే డేటా.టేబుల్ దాన్ని గుర్తుపట్టి, రైతుకోసారి ఆర్‌ని పిలవకుండా లోపల సీ భాషలోనే ఒక్క ఊపున అన్ని గుంపుల లెక్కా తేల్చేస్తుంది. దీని పేరు జీఫోర్స్. నువ్వు తెలివిగా సొంత ఫంక్షన్లో చుట్టి ఇచ్చావనుకో, గుర్తుపట్టలేదు, పాత నడకే నడుస్తుంది. ఇక్కడ తెలివి తగ్గించుకోవడమే లాభం, ఏం చేస్తాం!

చిన్నోడా, మీడియన్‌కి, అంటే బరువుల్ని వరసలో పెడితే మధ్యలో వచ్చేదానికి, సగటు కంటే ఎక్కువ పని ఎందుకని అడిగావు. సగటుకి ఒక్కో రైతు దగ్గర రెండు అంకెలుంటే చాలు: మొత్తం బరువు, బస్తాల సంఖ్య. పద్దు రాగానే కలుపుకుంటూ పోవచ్చు. మీడియన్‌కి అలా కుదరదు. ఆ రైతు బరువులన్నీ ఒకచోట చేరాకే మధ్యది తెలిసేది. అందుకే దానికి పని ఎక్కువ.

టైము కొలిచే సిస్టమ్.టైమ్ పెట్టి పాతదీ కొత్తదీ కొలిచి రాయండి. రెండు జవాబులూ ఒకటేనో కాదో కూడా చూడండి. బరువు రాయని చీటీలు కొన్ని ఉన్నట్టు గుర్తు, వాటి దగ్గర జవాబులు తేడా రావచ్చు.

మీ తాతయ్య