బొందిలీల మూలాలు: దేశింగురాజు ముందు, తర్వాత

2025 జూలైలో మరాఠా సైనిక కోటలకు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ 12 కోటల్లో మహారాష్ట్ర బయట ఉన్నది తమిళనాడులోని చెంజి (జింజీ) ఒక్కటే. 1677లో శివాజీ గెలిచిన కోట కాబట్టి ఆ గుర్తింపు న్యాయమైనదే. కానీ బుర్రకథలు వింటూ పెరిగిన తరానికి చెంజి అనగానే గుర్తొచ్చేది ఆ కోటను ఏలిన దేశింగురాజు. ఆయన్ను తమవాడిగా చెప్పుకునే బొందిలి కులస్థులకు ఈ వార్త సంతోషంతో పాటు ఒక ప్రశ్ననూ తెచ్చింది: ఇందులో మన పేరెక్కడ?

బొందిలీలు మధ్య భారతంలోని బుందేల్‌ఖండ్ నుంచి వచ్చిన రాజపుత్రులమని చెబుతారు. మగవాళ్ల పేర్ల చివర సింగ్, ఆడవాళ్ల పేర్ల చివర బాయి. ఔరంగజేబు దక్కన్ మీదికి దండెత్తినప్పుడు బుందేలా దళాలు వెంట వచ్చాయి. బుందేల్‌ఖండ్‌లోని దతియా పాలకుడు దళపత్ రావు చెంజి ముట్టడిలో పోరాడాడు, ఆదోని కోట కూడా కొంతకాలం ఆయన అధీనంలో ఉంది. ఏళ్ల తరబడి సాగిన ముట్టడి తర్వాత 1698లో చెంజి మొగలుల చేతికొచ్చింది. 1700లో ఆ కోట బాధ్యత స్వరూప్ సింగ్ అనే బుందేలాకు దక్కింది.

1714లో స్వరూప్ సింగ్ చనిపోయాడు. కొడుకు తేజ్ సింగ్ బుందేల్‌ఖండ్ నుంచి వచ్చి కోటలో కూర్చున్నాడు. జనం నోట దేశింగు అయింది ఈయనే. తండ్రి కట్టాల్సిన బకాయిలు తీర్చమని ఆర్కాటు నవాబు సాదతుల్లాఖాన్ పట్టుబట్టాడు. కోట బాదుషా ఇచ్చింది, నీకెందుకు కట్టాలన్నాడు కుర్రరాజు. ఆ ఏడాది అక్టోబరులో చెంజి దగ్గర జరిగిన పోరులో చనిపోయేనాటికి ఆయనకు 22 ఏళ్లే. కథలో ఆయన ప్రాణమిత్రుడు మహబత్ ఖాన్ పెళ్లిపీటల మీంచి లేచి యుద్ధానికి వస్తాడు. నవాబు పక్షాన నిలిచినవాళ్లలో వెంకటగిరి బంగారు యాచమ నాయుడు ఒకరు. దీన్ని ఈమధ్య కొందరు హిందూ ముస్లిం పోరుగా చెబుతున్నారు గానీ, ఈ రెండు పేర్లు చాలు ఆ మాట నిలవదని చెప్పడానికి. అసలు తగువు పైకం గురించి. సహగమనం చేసిన రాణి పేరు మీదే రాణిపేట వెలిసిందని చెప్పుకుంటారు.

ఇంత గొప్ప కథ ఉండటమే ఒక రకంగా చిక్కు. దేశింగు చెంజిలో ఉన్నది ఏడాదైనా కాదు. ఇప్పుడున్న బొందిలి కుటుంబాలన్నీ ఆయన వంశం కావడం కుదరని పని. ఎక్కువమంది పూర్వీకులు జీతానికి కత్తి పట్టిన సిపాయిలు, కోట కాపలాదారులు. నవాబుల కొలువులు పోయాక వాళ్ల పిల్లలు కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) పటాలాల్లో, పోలీసుల్లో, కచేరీ బంట్రోతులుగా చేరారు. 1909లో ఆంగ్లేయ పరిశోధకుడు థర్స్టన్ దక్షిణాది కులాల గురించి రాసేనాటికే బొందిలీలు ఇక్కడ స్థిరపడిన ఒక కులం. సిపాయి తాతకు బుర్రకథ ఎవరూ కట్టలేదు, అందుకే ఆయన ఊరూ పేరూ ముందుగా చెరిగిపోతున్నాయి.

ఉత్తరాదిలో రాజపుత్ర వంశావళులను భాట్లు అనే వంశచరిత్రకారులు రాసి ఉంచేవారు. హరిద్వార్ పండాల (తీర్థ పురోహితుల) బహీల్లోనూ, అంటే చిట్టాల్లోనూ, తరాల పేర్లు దొరుకుతాయి. దక్షిణానికి వచ్చినవాళ్లకు ఆ తీగ తెగిపోయింది. మిగిలింది ఇంటిపేరు, గోత్రం, పెద్దలు ఇంట్లో మాట్లాడే హిందీ. అందులోనూ సగం తెలుగు కలిసిపోయింది.

పైగా ఒక ఇరకాటం. సంఘం సభల్లో క్షత్రియులమంటారు, ఆంధ్రప్రదేశ్‌లో కులం సర్టిఫికెట్ మాత్రం బీసీ-బి. దీన్ని ఎద్దేవా చేసేవాళ్లున్నారు. నాకైతే అందులో తప్పేమీ కనబడదు. కొలువు పోయిన సిపాయి కుటుంబం రెండు మూడు తరాల్లో ఎక్కడికి చేరుతుందో ఆ సర్టిఫికెట్ చెబుతోంది, అది కూడా వాళ్ల చరిత్రే. దేశింగు జయంతికి ఫ్లెక్సీలు కట్టే ఉత్సాహంలో కొంతైనా ఇళ్లలోని పాత దస్తావేజులు, పటాలం పెన్షన్ కాగితాలు స్కాన్ చేయించడం మీద పెడితే బాగుండు. వాటిని చదివి చెప్పగల పెద్దలు ఇంకా కొందరున్నారు.